మూడు పేపర్లకూ ఒకటే పట్టు

బంగారుపాళ్యం దగ్గరి పల్లె నుంచి తిరుపతికి వచ్చి బయోటెక్నాలజీ డిగ్రీలో చేరిన అమ్మాయి అడిగిన ప్రశ్నలివి. కుదించి చెబుతున్నాను. "ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు బయోకెమిస్ట్రీ, ఇమ్యునాలజీ, ఎన్విరాన్‌మెంటల్ బయోటెక్నాలజీ అని మూడు పరిచయ పేపర్లు. ఒకదానికీ ఒకదానికీ పొంతన కనిపించడం లేదు. బట్టీ కొడుతున్నా, వారానికల్లా పోతోంది. దేంతో మొదలుపెట్టాలి? ఇంకోటి, మా ఊరి వాగులోకి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నీళ్లు వస్తాయి. అందులో బీఓడీ ఎక్కువ అన్నారు. అంటే ఆక్సిజన్ ఎక్కువ ఉన్నట్టా? మరి చేపలెందుకు చస్తాయి?"

అమ్మా, చివరిదానికి ముందు ఒక్క ముక్క చెప్పేస్తా. బీఓడీ (బయోకెమికల్ ఆక్సిజన్ డిమాండ్) అంటే నీళ్ల దగ్గరున్న ఆక్సిజన్ కాదు, నీళ్లు తీర్చాల్సిన అప్పు. అప్పు ఎక్కువైంది కాబట్టే చేపలు చచ్చాయి. వాగు సంగతికి మళ్లీ వస్తా.

తిరుపతిలో ఇరవై ఎనిమిదేళ్లు ప్రాక్టికల్స్ చేయించాను. ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. నేను చెప్పే జవాబూ ఒకటే. మూడు పేపర్లలోనూ ఉన్నది ఒకటే ప్రశ్న: ఏ అణువు దేన్ని పట్టుకుంటుంది, పట్టుకున్నాక ఏం చేస్తుంది? పట్టుకుని, మార్చి, వదిలేస్తే అది ఎంజైమ్. పట్టుకుని వదలకపోతే యాంటీబాడీ. వాగులోనో చెత్తకుప్పలోనో పడిన వస్తువును పట్టుకునే ఎంజైమ్ ఏ సూక్ష్మజీవి దగ్గరైనా ఉందా, లేదా అనేదే మీ మూడో పేపరు. కాబట్టి బయోకెమిస్ట్రీతో మొదలుపెట్టు. అందులోనూ ఎంజైమ్‌ల పాఠం. ఎమైనో ఆమ్లాల పట్టిక ఇరవై పేర్లూ తర్వాతైనా వస్తాయి.

ఎంజైమ్‌కు పుస్తకాల్లో తాళం, తాళంచెవి పోలిక ఇస్తారు. ఎమిల్ ఫిషర్ 1894లో చెప్పినది. మంచిదే కానీ, అందులో కదలిక లేదు. మన ఊళ్లో అంతకంటే మంచి పోలిక ఉంది. కొండమీద కల్యాణకట్టకు వెళ్లే ఉంటావు. తల వచ్చి కూర్చుంటుంది, జుట్టు దిగుతుంది, గుండు లేచి వెళ్తుంది, క్షురకుడు మాత్రం అక్కడే ఉంటాడు. తల సబ్‌స్ట్రేట్, గుండు ప్రొడక్ట్, ఆయన ఎంజైమ్. జనం పలచగా ఉన్న రోజు కొంతమంది క్షురకులు ఖాళీగా ఉంటారు. భక్తులు పెరిగేకొద్దీ గంటకు లేచే గుండ్లూ పెరుగుతాయి. అందరికీ చేతినిండా పని పడ్డాక బయట వెయ్యిమంది నిలబడినా, పదివేలమంది నిలబడినా గంటకు లేచే గుండ్ల లెక్క మారదు. ఆ లెక్కే విమ్యాక్స్. దాంట్లో సగం వేగం రావడానికి ఎంత సబ్‌స్ట్రేట్ కావాలో అది కేఎం. పట్టు గట్టిదైతే కొద్దిపాటి సబ్‌స్ట్రేట్‌తోనే సగం వేగం వస్తుంది, కేఎం తక్కువ ఉంటుంది. మైకెలిస్, మెంటెన్ 1913లో రాసిన సమీకరణం ఇంతే. గ్రాఫు మొదట ఎందుకు లేస్తుందో, తర్వాత ఎందుకు వంగి పడుకుంటుందో ఇప్పుడు నువ్వే చెప్పగలవు.

ఇన్హిబిటర్లూ ఇక్కడే అర్థమవుతాయి. గుండు చేయించుకోకుండా కబుర్లు చెబుతూ పీటమీద కూర్చున్నవాడు కాంపిటీటివ్ ఇన్హిబిటర్. అలాంటివాళ్లు నలుగురున్నా, అసలు భక్తులు వేలల్లో వస్తే వాళ్లకు పీట దొరకదు. అందుకే సబ్‌స్ట్రేట్ పెంచితే ఆ అడ్డు తొలగిపోతుంది. కత్తికి పదును పోతే మాత్రం ఎంతమంది వచ్చినా లాభం లేదు, అది నాన్‌కాంపిటీటివ్. ఒకచోట ఈ పోలిక తెగుతుంది, అదీ తెలుసుకో. క్షురకుడు జుట్టు తిరిగి అంటించలేడు. ఎంజైమ్ రెండు వైపులకూ వేగం పెంచుతుంది. ఎటు ఎక్కువ నడవాలనేది దాని చేతిలో లేదు, శక్తి లెక్కల చేతిలో ఉంది.

ఎంజైమ్‌లు ప్రొటీన్లే అని నిరూపించడానికే పెద్ద తగువు జరిగింది. 1926లో జేమ్స్ సమ్నర్ జాక్ బీన్ చిక్కుడు గింజల నుంచి యూరియేజ్‌ను స్ఫటికాలుగా తీసి, ఇది ప్రొటీన్ అన్నాడు. ఆ రోజుల్లో పెద్దలు నమ్మలేదు. ఇరవై ఏళ్లకు, 1946లో, నోబెల్ ఇచ్చారు. పొద్దున్నే పశువుల కొట్టంలో ముక్కు పగిలే వాసన వస్తుంది చూడు, అది మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవుల యూరియేజ్ అమోనియాగా విరిచిన వాసన. ఇంకో మాట. కణంలో శక్తి చిల్లరలా చేతులు మారే ఏటీపీ పాఠానికి వచ్చినప్పుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును తలుచుకో. ఆయన, సైరస్ ఫిస్కే కలిసి 1925లో ఇచ్చిన ఫాస్ఫరస్ పరీక్షతోనే ఆ దారి తెరుచుకుంది. ఆ పరీక్షను ఫిస్కే–సుబ్బారావు పద్ధతి పేరుతో మీ ల్యాబులోనూ చేయిస్తారు.

ఇక నీ చేతులతో చేయాల్సింది ఒకటి. అన్నం వార్చిన గంజి చల్లార్చి, పలచగా చేసి మూడు గ్లాసుల్లో పోసుకో. రాగి గంజి వద్దు, దాని రంగులో ఏమీ కనపడదు. మొదటి దాంట్లో నీ లాలాజలం ఒక చెంచా, రెండో దాంట్లో బాగా మరగబెట్టి చల్లార్చిన లాలాజలం ఒక చెంచా, మూడో దాంట్లో మామూలు లాలాజలంతోపాటు వెనిగర్ కలుపు. ఒంటి వేడి అంత గోరువెచ్చని నీళ్లలో మూడింటినీ ఉంచు. ఐదు నిమిషాలకొకసారి ఒక్కో గ్లాసు నుంచి ఒక చుక్క తెల్ల ప్లేటులో వేసి, పక్కన టింక్చర్ అయోడిన్ బాగా పలచన చేసి ఒక చుక్క వెయ్యి. మూడూ మొదట నల్లని నీలమే. కాసేపటికి మొదటి గ్లాసు చుక్క ఊదా, తర్వాత ఎర్ర గోధుమ, చివరికి అయోడిన్ పసుపే మిగులుతుంది. పిండిపదార్థం విరిగిపోయింది, అయోడిన్ దూరి కూర్చోవడానికి చుట్ట లేదు. మిగతా రెండూ నీలంగానే ఉంటాయి. మరగబెడితే ప్రొటీన్ మడతలు విప్పుకుని పట్టు పోయింది. పులుపు వల్ల కూడా పట్టు పోయింది. కానీ ఈ రెండూ ఒకటి కాదు. పులుపు స్వల్పమైతే సోడా వేసి తగ్గిస్తే కొంత పని తిరిగి రావచ్చు, ఉడికిన ప్రొటీన్‌కు ఆ ఆశ లేదు. మన రాయలసీమవాళ్లం సంగటి ముద్ద నమలకుండా మింగేస్తాం కదా, నోటి ఎమైలేజ్‌కు (పిండిపదార్థాన్ని విరిచే ఎంజైమ్ ఇదే) పని తగలదు. ఆ కొలువంతా క్లోమం పంపే ఎమైలేజ్‌ది.

ఇమ్యునాలజీకి పోదాం. ఇక్కడ పిల్లలందరూ చేసే తప్పు ఒకటుంది. క్రిమి వచ్చాక, దాని కొలతలు తీసుకుని శరీరం యాంటీబాడీ కుడుతుంది అనుకుంటారు, టైలర్ దగ్గర చొక్కా కుట్టించినట్టు. అలా కాదు. ఇది రెడీమేడ్ షాపు. క్రిమి రాకముందే కోట్ల బీ కణాలు (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలు), ఒక్కోటి ఒక్కో ఆకారపు పట్టుతో, సిద్ధంగా తిరుగుతుంటాయి. వచ్చిన క్రిమి వాటిల్లో ఏదో ఒకదానికి అతుకుతుంది. అతికిన కణమే వేలకు వేలు పిల్లలు పెడుతుంది. బర్నెట్ 1957లో చెప్పిన క్లోనల్ సెలెక్షన్ అంటే ఇదే. మనకున్న ప్రొటీన్ జన్యువులు దాదాపు ఇరవై వేలే కదా, ఇన్ని కోట్ల ఆకారాలు ఎక్కడివి? బీ కణం ఎదిగేటప్పుడు జన్యు ముక్కలను కత్తిరించి కొత్త వరసలో అతికిస్తుందని సుసుము టోనెగావా 1976లో చూపించాడు. 1987లో నోబెల్ వచ్చింది. రెడీమేడ్ చొక్కాకు తర్వాత ఆల్టరేషన్ కూడా ఉంటుంది. కాలికి పుండైతే గజ్జలో బిళ్ల కడుతుంది చూడు, ఆ లింఫ్ గ్రంథిలో జరిగే పనుల్లో ఇదొకటి. పట్టు ఇంకా బిగిసిన బీ కణాలను ఏరి, మిగతావాటిని శరీరం వదిలేస్తుంది.

అందుకే మొదట వచ్చే ఐజీఎం రకం యాంటీబాడీకి పట్టు బలహీనం. దానికి పది చేతులుంటాయి కాబట్టి నెట్టుకొస్తుంది. తర్వాత వచ్చే ఐజీజీకి రెండే చేతులు, పట్టు గట్టిది. డెంగీ సీజన్లో తిరుపతి ల్యాబుల ముందు నిలబడితే ఈ పాఠమంతా రిపోర్టుల్లో కనిపిస్తుంది. జ్వరం వచ్చిన మొదటి రోజుల్లో ఎన్ఎస్1 అడుగుతారు, అది వైరస్ ప్రొటీన్. ఐదో రోజు దగ్గర్నుంచి ఐజీఎం అడుగుతారు, అది మన యాంటీబాడీ. రెండో రోజే ఐజీఎం చేయించి "నెగెటివ్, డెంగీ కాదు" అని సంబరపడితే ఏమవుతుందో ఆలోచించు. విడాల్ పరీక్షదీ అలాంటి గొడవే. టైఫాయిడ్ క్రిమి ముక్కలను రోగి సీరంలో కలిపితే గుంపుకడతాయా అని చూస్తారు. సీరాన్ని ఎంత పలచన చేసినా ఇంకా గుంపుకడుతుందో ఆ అంకె టైటర్. టైఫాయిడ్ తిరిగే మన ప్రాంతంలో పాత యాంటీబాడీలు చాలామందిలో ఉంటాయి. ఒక్కసారి చేసిన పరీక్షలో 1:80 వచ్చినంత మాత్రాన ఈ జ్వరం టైఫాయిడే అనడానికి లేదు. నమ్మకమైనది యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు తీసే బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూడటం. మా ఇంట్లోనే ఒక పిల్లాడికి విడాల్ కాగితం చూసి పది రోజులు మందు వాడించారు, చివరికి అది వేరే జ్వరం అని తేలింది. ఎవరి తప్పు అని వెతికి లాభం లేదు, ఆ కాగితం ఏం చెబుతోందో మేమూ అడగలేదు.

మొదటి రెండు పేపర్లు ఒకే మంచం మీద కలిసే చోటు పాముకాటు. చెరకు తోటలు, వేరుశనగ చేలున్న ఊళ్లలో పెరిగావు, నీకు కొత్త కాదు. రక్తపింజరి విషం అంటే చాలావరకు ఎంజైమ్‌లు. రక్తం గడ్డకట్టే వరసలో ఉన్న ప్రొటీన్లను పట్టుకుని ఉత్తేజపరుస్తాయి, వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటాయి. ఒక్క అణువు అదే పని వందలసార్లు చేస్తుంది, అందుకే కాస్త విషం చాలు. గడ్డకట్టే సరుకంతా లోపలే ఖర్చయిపోయి, చివరికి రక్తం గడ్డకట్టడం మానేస్తుంది. ఆసుపత్రిలో దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. శుభ్రంగా ఆరిన కొత్త గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు నిలబెడతారు. తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డ కదలకుండా నిలిస్తే సరే, నీళ్లలా జారితే పింజరి విషం ఎక్కినట్టు. గొట్టం గాజుదే ఉండాలి. గాజు ఉపరితలమే గడ్డకట్టడాన్ని మొదలుపెడుతుంది. ప్లాస్టిక్ గొట్టమైతే పరీక్ష అబద్ధం చెబుతుంది. డిటర్జెంట్‌తో కడిగి వాడిన గొట్టమూ అంతే.

దానికి ఇచ్చే మందు యాంటీబాడీ. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషాన్ని కొంచెం కొంచెంగా గుర్రానికి ఎక్కించి, దాని రక్తం నుంచి తీసిన యాంటీబాడీలే మన దేశంలో వాడే యాంటీవీనమ్. ఈ ఆలోచన బేరింగ్, కిటాసాటోలది, 1890 నాటిది. డిఫ్తీరియాకు, ధనుర్వాతానికి వాళ్లు మొదలుపెట్టారు. ఇప్పుడు పట్టు లెక్కలో చూడు. విషపు ఎంజైమ్ పట్టి, మార్చి, వదులుతుంది. యాంటీబాడీ ఆ ఎంజైమ్‌నే పట్టి వదలదు. (అసలే వదలదని కాదు, చాలాసేపటికి వదులుతుంది. పరీక్షలో రివర్సిబుల్ అని రాయి.) కానీ విషం అప్పటికే చేసిన పనిని యాంటీబాడీ తిరగ్గొట్టలేదు. కట్లపాము విషం నరాల చివర్లను పాడుచేశాక మందు పడితే, అవి మళ్లీ కోలుకునేదాకా వెంటిలేటర్ మీద ఉంచాల్సిందే. మంత్రగాడి ఇంటి దగ్గర పోయే గంట ఎంత ఖరీదైనదో బయోకెమిస్ట్రీ వచ్చినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. గుర్రపు ప్రొటీన్ మనకు పరాయిది కదా, కొందరిలో వారం పది రోజులకు దానిమీదే మన యాంటీబాడీలు తయారై ఒళ్లు దద్దుర్లు, కీళ్లనొప్పులు వస్తాయి.

ఎలైజా అనే ల్యాబ్ పరీక్ష గురించి రెండు మాటలే. 1971లో వచ్చింది. యాంటీబాడీతో పట్టడం, దానికి తగిలించిన ఎంజైమ్‌తో రంగు తెప్పించడం. వదలని చెయ్యి ఒకటి, అలుపు లేని చెయ్యి ఒకటి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బ్యాచ్‌కు ప్లేటు మొత్తం, శాంపిల్ వేయని బ్లాంక్ గుంటలతో సహా, నీలమైపోయింది. రియేజెంట్ చెడిందని రెండు రోజులు గోల చేశాం. చూస్తే పిల్లలు వాష్ మూడుసార్లకు బదులు ఒక్కసారి చేసి, టిష్యూ మీద కొట్టడం మానేశారు. పట్టుకోని యాంటీబాడీ అడుగున మిగిలిపోయింది, దాని ఎంజైమ్ తన పని తాను చేసేసింది.

ఇప్పుడు మీ వాగు. మామిడి కాలంలో, మే నుంచి జూలై దాకా, తోతాపురి గుజ్జు తీసి తొక్క, టెంక, యంత్రాలు కడిగిన నీళ్లు వదులుతారు. ఆ నీళ్లలో ఉండేది విషం కాదు, చక్కెర. చిక్కంతా అదే. మన వేడికి లీటరు నీళ్లలో కరిగి ఉండే ఆక్సిజన్ దాదాపు ఎనిమిది మిల్లీగ్రాములు. ఒక గ్రాము గ్లూకోజ్‌ను పూర్తిగా తినాలంటే బ్యాక్టీరియాకు 1.07 గ్రాముల ఆక్సిజన్ కావాలి. లెక్క వెయ్యి: ఒక్క గ్రాము చక్కెర నూటముప్పై లీటర్ల నీళ్ల ఆక్సిజన్‌ను ఊడ్చేస్తుంది. మనం కాఫీలో వేసుకునే చెంచాడు చక్కెర ఐదారు వందల లీటర్లకు చాలు. బ్యాక్టీరియాకు పండగ, చేపకు ఊపిరాడదు. ఆక్సిజన్ అయిపోయాక గాలి అక్కర్లేని జీవులు దిగుతాయి. అవి చక్కెరను పుల్లని ఆమ్లాలుగా మారుస్తాయి. సల్ఫేటును పట్టుకునేవి కుళ్లిన గుడ్డు వాసన గ్యాస్ వదులుతాయి. ఆ గ్యాస్ బురదలోని ఇనుముతో కలిస్తే ఐరన్ సల్ఫైడ్. మీ వాగు నల్లబడటానికి కారణం అదే.

ఈ అప్పును కొలవడమే బీఓడీ. మన దేశంలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి చూస్తారు, పాత పుస్తకాల్లో 20 డిగ్రీలు, ఐదు రోజులు అని ఉంటుంది. 300 మిల్లీలీటర్ల సీసా, గాజు మూత. మాంగనస్ సల్ఫేట్, ఆ తర్వాత క్షార అయోడైడ్ వేసి తిప్పితే, ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు అవక్షేపం మబ్బులా దిగుతుంది. లేకపోతే తెల్లగానే ఉంటుంది. సల్ఫ్యూరిక్ యాసిడ్ వేస్తే ఆ గోధుమరంగు కరిగి అయోడిన్ బయటపడుతుంది. థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేస్తూ గడ్డిరంగు వచ్చాక గంజి చుక్కలు వేస్తారు. నీలం పోయిన చోట ఆపు. గంజి, అయోడిన్ మళ్లీ వచ్చాయి చూశావా? గుజ్జు నీళ్లను పలచన చేయకుండా నేరుగా సీసాలో పోస్తే మూడో రోజు తెల్ల అవక్షేపమే వస్తుంది. అప్పు ఎంతో తెలియదు, దివాలా తీసిందని మాత్రం తెలుస్తుంది. అందుకే మంచి నీళ్లతో పలచన చేస్తాం. నూటికి ఒక వంతు కలిపి, మొదట 7.6 ఉన్న ఆక్సిజన్ మూడు రోజులకు 3.6కు దిగితే, తేడా 4, దాన్ని వందతో హెచ్చించు: లీటరుకు 400 మిల్లీగ్రాములు. పలచన చేయడానికి కలిపిన నీళ్లు సొంతంగా తిన్నది బ్లాంక్ (గుజ్జు నీళ్లు కలపని సీసా) చూసి తీసెయ్యాలి. వాగులోకి వదలడానికి మామూలుగా ఉన్న పరిమితి 30. శుద్ధి చేయని గుజ్జు నీళ్లు వేలల్లో ఉంటాయి.

బాగుచేసే పని కూడా అవే సూక్ష్మజీవులకు అప్పజెబుతాం, కాకపోతే వాగులో కాకుండా ట్యాంకులో. గాలి ఊది పెంచితే యాక్టివేటెడ్ స్లడ్జ్, 1914లో మాంచెస్టర్‌లో మొదలైంది. ఇంత చక్కెర ఉన్న నీళ్లకు ముందు గాలి లేని ట్యాంకే మేలు. కరెంటు ఖర్చు తక్కువ, పైగా మీథేన్ వస్తుంది. మీ ఇంటి గోబర్ గ్యాస్‌లో జరిగేదే. ఆమ్లాలు తయారుచేసే బ్యాక్టీరియా చురుకైనవి, వాటిని తిని మీథేన్ చేసే ఆర్కియాలు (బ్యాక్టీరియాలా కనిపించే వేరే జాతి సూక్ష్మజీవులు) నిదానస్తులు. ఒక్కసారిగా ఎక్కువ పోస్తే మొదటివాళ్ల వేగానికి రెండోవాళ్లు అందుకోలేరు, పీహెచ్ పడిపోయి ట్యాంకు పులిసిపోతుంది. సీజన్ మొదటి వారంలో ఏడాదంతా పస్తున్న ట్యాంకు మీద లోడంతా కుమ్మరిస్తే జరిగేది అదే. వారాల తరబడి కొద్దికొద్దిగా అలవాటు చేయాలి, సున్నం వేసి పీహెచ్ ఏడు దగ్గర నిలపాలి.

చక్కెరను పట్టుకునేవాళ్లు కోకొల్లలు. అసలు కష్టం పట్టు దొరకని వస్తువులతో. చిత్తూరు వైపు కోళ్లఫారాలు ఎక్కువ కదా, ఈకల్లో దాదాపు తొంభై శాతం కెరటిన్ అనే ప్రొటీన్. కల్యాణకట్టలో రాలే జుట్టూ అదే. గంధకపు బంధాలతో గట్టిగా కుట్టి ఉంటుంది, మామూలు ప్రొటియేజ్ (ప్రొటీన్‌ను విరిచే ఎంజైమ్) పళ్లు దిగవు. బాసిల్లస్ లైకెనిఫార్మిస్ లాంటి కొన్ని బ్యాక్టీరియా దగ్గర మాత్రం దాన్ని విప్పే కెరటినేజ్ ఉంది. పీఈటీ ప్లాస్టిక్‌ను (నీళ్ల సీసాల ప్లాస్టిక్) తినే ఇడియోనెల్లా సకాయెన్సిస్ అనే బ్యాక్టీరియా గురించి 2016లో బయటికొచ్చింది, కానీ అది తినే వేగం మనం పారేసే వేగం ముందు ఎందుకూ కొరగాదు. ఇక కుప్పం దాటి పాలారు వెంట రాణిపేట దాకా వెళ్తే తోళ్ల ఫ్యాక్టరీల క్రోమియం సమస్య. లోహాన్ని ఏ జీవీ తినెయ్యలేదు. విషం ఎక్కువైన ఆరో రూపాన్ని తక్కువైన మూడో రూపంగా మార్చగలదు, అంతే. లోహం ఎక్కడికీ పోదు. పరీక్షలో "డిగ్రేడ్ అవుతుంది" అని రాస్తే నేను మార్కులు కోసేవాణ్ణి.

వచ్చే జూన్‌లో ఊరికెళ్లినప్పుడు వాగు నీళ్లు తేవాలనుకుంటే, మీ ల్యాబులో బీఓడీ సీసా అడిగి తీసుకో. ఫ్యాక్టరీ కాలువ కలిసే చోటికి పైన ఒకటి, కింద ఒకటి పట్టు. చెంబుతో పొయ్యకు, దాంతో గాలి కలుస్తుంది. సీసాను నీళ్లలో ముంచి, నిదానంగా పక్కకు వంచి నింపి, నీళ్లలోనే మూత పెట్టు. పైకి తీశాక తలకిందులు చేసి చూడు, బుడగ కనిపిస్తే పారబోసి మళ్లీ పట్టు. ఆ ఒక్క బుడగలో ఉన్న ఆక్సిజన్ నీ లెక్క మొత్తం తప్పిస్తుంది. ఐసు డబ్బాలో పెట్టుకుని మధ్యాహ్నం బస్సుకల్లా తిరుపతి చేరు. సాయంత్రానికే సెట్ చెయ్యాలి.